"జరిమానా ఉపశమనం": జరిమానా నుంచా, జరిమానాతోనా?

చీపురుపల్లి నుంచి ఒక సభ్యులు:

అయ్యా, మా బడి గోడపత్రిక కోసం ఒక విద్యార్థి గోల్ఫ్ పోటీ వార్తను తెలుగులో రాసి తెచ్చాడు. అందులో ఈ వాక్యం ఉంది: "బంతి నీటిలో పడినందున ఆటగాడు జరిమానా ఉపశమనం పొంది, బంతిని జారవిడిచి, రెండవ దెబ్బ కొట్టాడు." వ్యాకరణదోషం నాకు కనబడలేదు గాని, చదివిన పిల్లలు మాత్రం ఆటగాడికి జరిమానా మాఫీ అయిందనీ, బంతి అతని చేతిలోంచి పొరపాటున జారిపోయిందనీ అనుకున్నారు. ఆ ఆట నియమాలు తెలిసినవారు ఈ వాక్యాన్ని ఎలా దిద్దాలో చెప్పగలరా?

విజయనగరం నుంచి ఒక సభ్యులు:

మాస్టారూ, తెలుగు వచ్చినవారు ఎలా చదవాలో పిల్లలు అలాగే చదివారు. "రుణవిముక్తి", "పన్ను మినహాయింపు" వంటి పంచమీ తత్పురుషాలు మన చెవికి బాగా అలవాటైనవి కనుక, "జరిమానా ఉపశమనం" అనగానే "జరిమానా నుంచి ఉపశమనం" అనే విగ్రహవాక్యమే తోస్తుంది. గోల్ఫులో జరిగేది దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ జరిమానా (లెక్కలో అదనంగా ఒక దెబ్బ) చెల్లించి ఉపశమనం (బంతిని బయటికి తెచ్చుకొని ఆడే అవకాశం) పొందుతారు. అంటే ఆ సమాసాన్ని తృతీయలో విప్పుకోవాలి. విభక్తి మారేసరికి చెల్లించినవాడు మాఫీ పొందినవాడైపోయాడు. (ఉర్దూ నుంచి వచ్చిన "జరిమానా"ను సంస్కృత పదంతో అతికించడం వైరిసమాసమని ఆక్షేపించేవారూ ఉంటారు. నాకు ఆ పట్టింపు లేదు.)

అంతకంటె ఇబ్బంది పెట్టేది "పడినందున" అన్న మాట. బంతి నీటిలో పడినంత మాత్రాన జరిమానా లేదు. మైదానంలోని చెరువు, కాలువ వంటివాటికి పసుపు లేదా ఎరుపు గుర్తులతో హద్దు కట్టి, ఆ లోపలి భాగాన్ని పెనాల్టీ ప్రాంతం అంటారు. బంతి అందులో ఉన్నా, చేతనైనవాడు బురదలో దిగి ఉన్నచోటు నుంచే కొట్టవచ్చు. లెక్కలో ఒక్క దెబ్బ కూడా పెరగదు. బంతిని బయటికి తెచ్చుకొని ఆడతానని అతడు నిర్ణయించుకున్నప్పుడే ఒక దెబ్బ అదనంగా చేరుతుంది. తత్కాల్ టికెట్టుకు ఎక్కువ సొమ్ము ఇచ్చినప్పుడు దానిని ఎవరూ అపరాధ రుసుము అనరు గదా, ఇదీ ఆ తరహా చెల్లింపే. స్కాట్లండులో ఎడిన్‌బరో దగ్గరి లీత్‌లో 1744లో రాసుకున్న 13 నియమాలలో కూడా నీటిలో పడిన బంతిని తీసి, అడ్డంకికి వెనుక పెట్టి ఆడే స్వేచ్ఛ ఉంది. అందుకు ప్రతిగా ఎదుటివాడికి ఒక దెబ్బ ఇవ్వాలి. అక్కడి భావం శిక్ష కాదు, ఇచ్చిపుచ్చుకోవడం.

ఆ ఒక్క దెబ్బ చెల్లించినవాడు మునుపు కొట్టిన చోటికే తిరిగి వెళ్ళి ఆడవచ్చు. లేదా బంతి హద్దు దాటిన చోటునూ, బంతిని చేర్చవలసిన గుంతనూ కలిపే గీతను వెనక్కి పొడిగించుకొని, ఆ గీత మీద ఎంత దూరమైనా వెనక్కి పోయి ఆడవచ్చు. గుర్తులు ఎరుపువైతే మూడవ దారి కూడా ఉంటుంది: హద్దు దాటిన చోటు నుంచి రెండు కర్రల పొడవు లోపల, గుంతకు దగ్గర కాకుండా, బంతిని వదలవచ్చు. కర్ర అంటే ఆటగాడి సంచిలో ఉన్న, బంతిని కొట్టే కర్రలలో, పట్టరును (గుంత దగ్గర బంతిని దొర్లించే కర్రను) మినహాయించి, అన్నిటికంటె పొడవైనది. వార్త రాసేవారు ఇక్కడ "పడిన చోటు" అని రాయకూడదు, "దాటిన చోటు" అనే రాయాలి; బంతి చెరువు నడిమధ్యన మునిగినా కొలత మొదలయ్యేది హద్దు దగ్గరనే.

ఇక "జారవిడిచి" సంగతి. క్రికెట్ వార్తల పుణ్యమా అని ఆ క్రియకు వైఫల్యం అంటుకుపోయింది. క్యాచ్ జారవిడిచాడంటే తప్పు చేశాడనే అర్థం. గోల్ఫులో బంతిని వదలడం బుద్ధిపూర్వకంగా, కొలత ప్రకారం చేసే పని. ఆటగాడు తానే, మోకాలి ఎత్తు నుంచి, నిటారుగా కిందికి వదలాలి. విసరకూడదు, దొర్లించకూడదు, సుడి తిప్పకూడదు, నేలను తాకేలోగా అది అతని ఒంటికీ సామగ్రికీ తగలకూడదు. 2019కి ముందు చేయి చాచి భుజం ఎత్తు నుంచి వదిలేవారు. కాబట్టి "వదిలి" అనడమే సరి. "పడవేసి" అంటే విసరడం స్ఫురిస్తుంది.

"రెండవ దెబ్బ" కూడా తప్పే. నీటిలోకి కొట్టినది ఒకటి, చెల్లించినది ఒకటి, తరువాత కొట్టేది మూడవది. నేనైతే వాక్యాన్ని ఇలా రాస్తాను: "బంతి నీటిలో పడగా, ఆటగాడు ఒక దెబ్బ పెనాల్టీగా ఒప్పుకొని, హద్దు దాటిన చోటుకు దగ్గరలో బంతిని వదిలి, మూడవ దెబ్బ కొట్టాడు."

ఆమదాలవలస నుంచి ఒక సభ్యులు:

శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి గారి పక్షాన నాదొక మాట. జనం నోట "పెనాల్టీ" ఎప్పుడో స్థిరపడింది, దానిని ఉంచారు, సంతోషం. మరి "ఉపశమనం" ఏమైనట్టు? దాని స్థానంలో "ఊరట" పెట్టకూడదా?

విజయనగరం నుంచి:

నొప్పికి ఉపశమనం, దుఃఖానికి ఊరట. రెండూ బాధపడేవాడికి దక్కేవే అండీ. నియమం ఇచ్చే సౌకర్యానికి "వెసులుబాటు" బాగుంటుంది. పైగా గోల్ఫులో పెనాల్టీ లేకుండా దక్కేదీ ఒకటుంది: వానకు తాత్కాలికంగా నిలిచిన నీటిలోనో, బండ్లు నడిచే సిమెంటు బాట మీదనో బంతి ఆగితే, అడ్డంకి పూర్తిగా తొలగే అతి దగ్గరి స్థలం చూసుకొని, అక్కడి నుంచి ఒక కర్ర పొడవు లోపల, గుంతకు దగ్గర కాకుండా, ఉచితంగా వదలవచ్చు. "పెనాల్టీతో వెసులుబాటు", "పెనాల్టీ లేని వెసులుబాటు" అని విభక్తిని దాచకుండా రాస్తే తేడా ఎవరికైనా తెలుస్తుంది. రెండు అక్షరాలు మిగుల్చుకోవడానికి సమాసం చేయడం ఇక్కడ లాభసాటి కాదు.

చీపురుపల్లి నుంచి:

ధన్యవాదాలు. ఆ విద్యార్థి ఇంకొక ప్రశ్న అడుగుతున్నాడు: వదిలిన బంతి పల్లానికి దొర్లిపోతే ఏమి రాయాలి?

విజయనగరం నుంచి:

వదిలిన తీరు సరిగ్గా ఉండి, బంతి అనుమతించిన మేర దాటి ఆగితే, రెండవసారి వదలాలి. అప్పుడూ దాటిపోతే, రెండవసారి వదిలినప్పుడు అది మొదట నేలను తాకిన చోట చేత్తో పెట్టాలి. వదిలిన తీరే తప్పైతే, ఉదాహరణకు నడుము ఎత్తు నుంచి వదిలితే, ఆ ప్రయత్నం లెక్కలోకి రాదు, మళ్ళీ సరిగ్గా వదలాలి. కనుక మీ విద్యార్థి మొదటి రెండుసార్లకు "వదిలాడు" అనీ, ఆ తరువాతి దానికి "ఉంచాడు" అనీ రాయాలి. మూడుచోట్లా ఒకే క్రియ వాడితే, ఆటగాడు మూడవసారి కూడా బంతిని వదిలాడన్న తప్పు వార్త అవుతుంది.