బండల దగ్గర చేపలు లెక్కపెడితే మా పెద్దలు నమ్మేదెలా?

భీమిలి కుర్రాడు:
అన్నలూ, మాది భీమిలి పక్క పల్లె. ఊరికెదురుగా ఎనిమిది బారల లోతులో బండలున్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఎలాగూ ఉంది. అది ముగిశాక కూడా ఆ బండల మీద ఏడాదిపాటు వల వెయ్యకుండా, గాలానికే వెళ్దామని పెద్దలు అనుకుంటున్నారు. ఊళ్లో స్కూబా నేర్చినవాణ్ణి నేనే కాబట్టి కింద ఏ చేపలు ఎన్ని ఉన్నాయో లెక్క చూసి రమ్మన్నారు. మొన్న దిగాను. బండకి చుట్టుకున్న పాత నైలాన్ వలలో ఒక పీత ఇంకా కాలు కదుపుతోంది. దాన్ని విడిపించేసరికే సిలిండర్ సగమైంది, నీళ్లలో రాసుకునే పలక మీద ఒక్క అంకె పడలేదు. గుర్తున్న చేపలేవో చెప్తే ఒక పెద్దాయన, "ఇయాళ సూసినవి రేపుంటాయేట్రా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

రుషికొండ డైవర్:
తమ్ముడూ, 50 మీటర్ల టేపు పరిచి, పక్కకి జరిగి కాసేపు ఆగు. బెదిరిన చేపలు తిరిగొస్తాయి. తర్వాత టేపు వెంట మెల్లగా వెళ్తూ అటు రెండున్నర, ఇటు రెండున్నర మీటర్లలో కనబడినవే రాసుకో. నీళ్లలో ప్రతిదీ మూడో వంతు పెద్దగా కనిపిస్తుంది, కొలిచిన కర్రముక్కలతో ముందే కన్నుకి అలవాటు చెయ్యి. అన్నిటికంటే ముఖ్యం, వల వేసే వేరే బండల దగ్గరా ఇలాగే లెక్కపెట్టాలి. అది లేకపోతే చేప పెరిగింది మీ కట్టుబాటు వల్లో, ఆ ఏటి నీళ్ల వల్లో తేలదు. కలక నీళ్లప్పుడు దిగకు. జత లేకుండా అసలే దిగకు.

దవావో డాక్టరమ్మ:
ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ చదివేటప్పుడు ఆపో దీవి చూశాను. సముద్ర జీవశాస్త్రవేత్త ఆంజెల్ అల్కాలా గారు, అక్కడి సిలిమాన్ యూనివర్సిటీ వాళ్లు నచ్చజెప్పాక 1982లో దీవివాళ్లే ఒక పక్క పగడపు దిబ్బల్లో (రీఫ్‌లో) వేట ఆపేశారు. కాపలా కూడా వాళ్లదే. ఆ దేశంలోనే సుమిలోన్ దీవిలో అంతకుముందే, 1974లో, ఆపారు. కానీ 1984లో కట్టుబాటు తెగి మళ్లీ వలలు పడ్డాయి. రెండేళ్లు తిరక్కముందే చుట్టుపక్కల వాళ్లకి దొరికే చేప సగానికి పడిపోయింది. ఆ సంగతి గట్టిగా చెప్పగలిగారంటే ముందు నుంచీ లెక్కలు ఉండబట్టే. అందుకే వల ఆపకముందే మొదటి లెక్క తీయండి.

భీమిలి కుర్రాడు:
వదినా, అన్నా, ఇవన్నీ నిన్న రాత్రి నాన్నకి చదివి వినిపించాను. పలక మీది అంకెల్ని తెప్పలోనే కూర్చుని నోటుబుక్కులోకి తనే ఎక్కిస్తానన్నారు, చేపల పేర్లు మాత్రం మన పేర్లే రాయాలట. జతకి మా బాబాయి కొడుకు ట్రైనింగులో చేరుతున్నాడు. వల వేసే బండల ఆనవాళ్లు చూపిస్తానని ఆ పెద్దాయనే కబురు పెట్టారు.