ఎగిరే బండిలో ఆఫీసుకి: కుదిరే పనేనా?

సెలీనా_శ్రీను:
మా ఇల్లు డాలస్‌కి ఉత్తరాన సెలీనాలో, ఆఫీసు ప్లేనోలో. ప్రెస్టన్ రోడ్డు మీద రోజూ నరకం. గాలిలో నేరుగా పోతే 30 కిలోమీటర్లు కూడా లేదు. జెట్‌సన్ వన్ అని ఒక్కరు కూర్చునే ఎలక్ట్రిక్ బండి వచ్చింది. ఎనిమిది మోటార్లు, గంటకు 100 కిలోమీటర్ల వేగం, 20 నిమిషాల బ్యాటరీ. అమెరికాలో అల్ట్రాలైట్ రూల్ (పార్ట్ 103) కింద 115 కిలోల లోపు బరువున్నవాటికి పైలట్ లైసెన్స్ అక్కర్లేదు. ధర లక్ష డాలర్లు దాటుతుంది, లోన్ చూసుకుంటాను. ఎవరైనా సీరియస్‌గా ఆలోచించారా?

బండ్ల_మోజు:
అన్నా, ముందు మీ బరువెంత? దానికి 95 కిలోల లిమిట్ ఉంది :)

బేగంపేట_మెకానిక్:
బాబూ, నేను హెలికాప్టర్ల మెయింటెనెన్స్‌లో రిటైరయ్యాను. ఒక్క విషయం అడుగుతాను. హెలికాప్టర్ ఇంజన్ ఆగినా, కిందికి దిగేటప్పుడు వచ్చే గాలికి పై రెక్క తిరుగుతూనే ఉంటుంది. పైలట్ చివర్లో పిచ్, అంటే రెక్క వాలు, పెంచి దింపుకుంటాడు. దాన్ని ఆటోరొటేషన్ అంటారు. మీ బండికి ఉన్నవి పిచ్ మారని చిన్న ప్రొపెల్లర్లు. కరెంటు పోతే వాటితో ఆ పని జరగదు. అప్పుడేం చేస్తారు?

సెలీనా_శ్రీను:
సార్, ఒక మోటార్ పోయినా మిగతావి మోస్తాయి. మొత్తం పోతే బాలిస్టిక్ పారాచూట్, అంటే రాకెట్‌తో బయటికి విసిరేది, ఉంది.

బేగంపేట_మెకానిక్:
పారాచూట్ విచ్చుకోవడానికి ఎత్తు కావాలి. టేకాఫ్‌లో, ల్యాండింగ్‌లో ఆ ఎత్తు ఉండదు. ఆటోరొటేషన్ సంగతి చెప్పలేదు మీరు.

ఫ్రిస్కో_లాయర్‌బాబు:
ఆటోరొటేషన్ దాకా ఎందుకు? అదే పార్ట్ 103 మిగతా లైన్లు కూడా చదవండి. సరదాకీ, క్రీడకీ మాత్రమే వాడాలి. పగలే ఎగరాలి. జనం కిక్కిరిసిన ప్రాంతాల మీదుగా వెళ్ళకూడదు. సెలీనా నుంచి ప్లేనోకి మధ్యలో ప్రోస్పర్, ఫ్రిస్కో. అన్నీ ఇళ్ళే. డిసెంబర్‌లో మీరు ఆఫీసు నుంచి బయటపడేసరికి చీకటి. ఇక్కడితో అయిపోయింది.

సెలీనా_శ్రీను:
కిక్కిరిసిన ప్రాంతం అంటే ఎన్ని ఇళ్ళు? ఆ రూల్‌లో అంకె ఎక్కడుందో చూపించండి. నేను వాగుల వెంబడి వెళ్తాను. వరద వచ్చే చోట ఎవరూ ఇళ్ళు కట్టరు. ఇక సరదా అంటారా, నేను ఆఫీసుకి సరదాగానే వెళ్తాను.

ఫ్రిస్కో_లాయర్‌బాబు:
అంకె లేదు. అమెరికా విమానయాన శాఖ ఎఫ్ఏఏ ఏ కేసుకా కేసు చూసి తేలుస్తుంది. అంటే మీ సంగతి మీరు ఎగిరిన తర్వాతే తేలుతుంది. అన్నట్టు, మామూలు హోమ్ ఇన్సూరెన్స్ విమానంతో జరిగిన నష్టానికి వర్తించదు. మీ పాలసీ తీసి చూసుకోండి.

సెలీనా_శ్రీను:
అయితే అంకె లేదని ఒప్పుకున్నారుగా.

చందానగర్_చందు:
నిరుడు సెప్టెంబర్‌లో, అదే 2025లో, చైనా చాంగ్‌చున్‌లో ఎయిర్ షో రిహార్సల్స్‌లో ఎక్స్‌పెంగ్ వాళ్ళ ఎగిరే బండ్లు రెండు గుద్దుకున్నాయి. ఒకటి తగలబడింది. అంతే, నేను పోతున్నా.

సెలీనా_శ్రీను:
అవి పక్కపక్కన ఎగురుతూ విన్యాసాలు చేస్తున్నవి. అదే చైనాలో పైలట్ లేని ఈహాంగ్ కంపెనీ ఎయిర్ టాక్సీకి 2023లోనే అక్కడి విమానయాన శాఖ సర్టిఫికెట్ ఇచ్చింది, అది మాత్రం ఎవరూ చెప్పరు.

బేగంపేట_మెకానిక్:
సర్టిఫికెట్ ఇచ్చారు కదా, నేనడిగేదీ అదే. మీరు కొంటున్నదానికి అది అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేదు, తనిఖీ లేదు. మేం ముఖ్యమైన నట్టు బిగించాక దాని మీంచి పక్కనున్న లోహం మీదికి పెయింట్‌తో సన్నటి గీత గీసేవాళ్ళం. మర్నాడు ఆ గీత తెగి కనిపిస్తే నట్టు కదిలినట్టు. చూసినవాడు లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాలి. మీ గరాజ్‌లో ఆ గీత ఎవరు చూస్తారు?

సెలీనా_శ్రీను:
నేనే చూస్తాను. సార్, ఏమీ అనుకోకండి, మీ తరంవాళ్ళకి ప్రతిదానికీ ఒక సంతకం కావాలి. ఇండియాలో నేను డ్రోన్లతో పురుగుమందు కొట్టే చిన్న వ్యాపారం పెట్టబోయాను. ఒక ఆఫీసులో ఫైలు కదలక, తెచ్చిన డ్రోన్ల బ్యాటరీలు ఉబ్బి పాడైపోయాయి. మీలాంటివాళ్ళు సంతకం పెట్టకపోవడం వల్లే నేనిక్కడున్నాను.

బేగంపేట_మెకానిక్:
మీ ఫైలు తొక్కిపెట్టినవాణ్ణి నేను కాను! నేను సంతకం పెట్టిన మిషన్ ఎగిరితే, అది తిరిగొచ్చేదాకా హ్యాంగర్ దగ్గరే నిలబడేవాణ్ణి. సంతకమంటే మీకు అడ్డంకి. మాకు అది పూచీ. ఈ తేడా తెలియనివాడితో వాదన అనవసరం.

బండ్ల_మోజు:
పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

కొంపల్లి_రాధ:
ఇద్దరూ ఎక్కేవాడి గురించే కొట్టుకుంటున్నారు. మొన్న ఎండల్లో పక్కవీధి పెళ్ళిలో ఎగరేసిన డ్రోన్ వచ్చి మా డాబా మీద వడియాల గుడ్డలో పడింది. రెక్క ముక్క మా అమ్మ కూర్చున్న స్టూలు పక్కన దొరికింది. వెళ్ళి అడిగితే ఫొటోగ్రాఫర్ మాది కాదన్నాడు, పెళ్ళివాళ్ళు మాకు తెలీదన్నారు. అది రెండు కిలోలు కూడా ఉండదు. శ్రీను గారూ, మీ బండి, మీరు కలిపి దాదాపు 200 కిలోలు. మీ ప్రాణం మీ ఇష్టం, వద్దనడానికి మేమెవరం? కింద ఉన్నవాళ్ళు ఎవర్ని అడగాలి? నంబర్ ప్లేట్ కూడా లేదంటున్నారు.

సెలీనా_శ్రీను:
రాధ గారూ, అమ్మగారికి ఏమీ కానందుకు సంతోషం. కానీ నంబర్ ప్లేట్ ఏం చేస్తుందో నన్నడగండి. రెండేళ్ళ కింద రెడ్ లైట్ దగ్గర ఆగి ఉంటే ఒకడు వెనక నుంచి గుద్దాడు. వాడికి ప్లేట్ ఉంది, లైసెన్స్ ఉంది. ఇన్సూరెన్స్ మాత్రం ఎప్పుడో లాప్స్ అయింది. నా మెడకి ఫిజియోథెరపీ డబ్బులు నేనే కట్టుకున్నాను. అప్పట్నుంచి కారెక్కితే వెనక అద్దంలోకే చూస్తుంటాను. ప్రెస్టన్ రోడ్డు ట్రాఫిక్ ఒక్కటే కాదు నా బాధ. నాకు రోడ్డంటేనే భయం.

కొంపల్లి_రాధ:
ఇది మొదటే చెప్పాల్సింది. అయినా మీ భయం తీరడానికి మా అమ్మ పైకి చూస్తూ వడియాలు పెట్టుకోవాలా?

ఫ్రిస్కో_లాయర్‌బాబు:
ఆ రోజు మీ పాలసీలో అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజ్, అంటే ఇన్సూరెన్స్ లేనివాడు గుద్దితే మీ కంపెనీయే కట్టేది, లేదా? టెక్సస్‌లో వద్దని రాతపూర్వకంగా చెబితే తప్ప అది ఇవ్వాలి. ఆ కాగితాలు ఉన్నాయా?

సెలీనా_శ్రీను:
ప్రీమియం తగ్గుతుందని వద్దని సంతకం పెట్టాను.

బేగంపేట_మెకానిక్:
బాబూ, కోపంలో ఒక మాట ఎక్కువన్నాను. ఆఫీసు ఆలోచన మానుకోండి. కొనాలనే ఉంటే ఊరి బయట ఖాళీ పొలం మీద నడుపుకోండి, అందులో తప్పులేదు. కానీ లోన్ తీసుకునే ముందు విడిభాగాల సంగతి అడగండి. 2024 చివర్లో జర్మనీలో లిలియం, వోలోకాప్టర్ రెండూ దివాలా తీశాయి. వాళ్ళవి పెద్ద ఎయిర్ టాక్సీలు, మీ బండి వేరు, నాకు తెలుసు. కంపెనీ మూతపడితే బ్యాటరీ ఎక్కడ దొరుకుతుంది?

సెలీనా_శ్రీను:
పొలం మీద ఎగరడానికి లక్ష డాలర్లు ఎందుకు సార్? ఆ వాగు దారి ఒకసారి మ్యాప్‌లో గీసి పెడతాను, చూసి చెప్పండి.

ఫ్రిస్కో_లాయర్‌బాబు:
వాగు పక్కన వాకింగ్ ట్రైల్ ఉంది. శనివారం పొద్దున వచ్చి ఎంతమంది ఉంటారో చూడండి.