'ఆతా మాఝీ సటక్లీ': తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: 2011లో రోహిత్ శెట్టి తీసిన హిందీ పోలీసు సినిమా 'సింఘమ్'లో బాజీరావ్ సింఘమ్ (అజయ్ దేవగణ్) కోపం తలకెక్కగానే అనే మాట ఇది. 'ఇప్పుడు నాకు కోపం వచ్చింది' అని అర్థం చెబుతుంటారు. అంతేనా? 'మాఝీ' స్త్రీలింగంలో ఎందుకుంది? డబ్బింగుకు ఏ మాట నిలుస్తుంది?

—

ఇది హిందీ కాదండీ, మరాఠీ. హిందీ అనుకుంటే మొదటి అడుగే తప్పుతుంది. అక్కడ 'ఆతా' రావడానికి సంబంధించిన మాట, 'మాఝీ' వింటే పడవ నడిపే మాంఝీ గుర్తొస్తాడు. మరాఠీలో ఆతా అంటే ఇప్పుడు, మాఝీ అంటే నాది, సటకణే అంటే పట్టు తప్పి జారిపోవడం.

పలికేటప్పుడు ఒకటి గమనించండి. మరాఠీలో 'మాఝా' అన్నప్పుడు ఝ దంత్యంగా, మన 'ౙడ'లోని ౙకి ఒత్తు పెట్టినట్టు పలుకుతుంది. ఈకారం చేరి 'మాఝీ' అయ్యేసరికి తాలవ్యమవుతుంది, 'జీతం'లో జ లాగా. మన ౙ, జ పద్ధతే అది.

—

స్త్రీలింగం సంగతి. జారింది తల అనుకుందామంటే మరాఠీలో 'డోకే' నపుంసకం, అప్పుడు 'మాఝే' అనాలి. అంటే జారిన వస్తువు పేరు చెప్పకుండా మింగేశారు, స్త్రీలింగం మాత్రం మిగిలింది. హిందీ వాడుకలో 'మేరీ ఖిసక్ గయీ' కూడా ఇలాంటిదే. ఆ చెప్పకపోవడంలోనే ఉంది ఊపంతా.

తెలుగుకు ఈ పని బాగా వచ్చు. 'నాకు మండింది' అంటాం. మండింది ఒళ్లు, కానీ ఆ మాట అననక్కర్లేదు. 'ఎక్కడో కాలింది' అంటాం, ఎక్కడో చెప్పం. కర్త లేకుండా '-ఇంది' ఒక్కటే బరువు మోస్తుంది. 'నాకు కోపం వచ్చింది' అంటే దాచాల్సింది బయటపెట్టినట్టే, అందుకే చప్పగా ఉంటుంది. ఇక 'మాఝీ'ని 'నాది' అని దించితే మరీ ప్రమాదం. 'నాది జారింది' అంటే హాల్లో నవ్వుతారు. మరాఠీ షష్ఠికి ఇక్కడ తెలుగులో చతుర్థి, 'నాకు' అనే రావాలి.

—

డబ్బింగు లెక్క: ఆ-తా-మా-ఝీ-స-టక్-లీ, ఏడు అక్షరాలు. పెదవులు కలిసేది ఒక్కచోటే, మూడోది 'మా'. చివర ఈకారం, నోరు పక్కలకు సాగుతుంది. క్లోజప్‌లో ఈ రెండూ పట్టకపోతే లిప్ (మాటకూ పెదవి కదలికకూ పొంతన) పోయినట్టే.

'ఇంక తిక్క రేగిందీ': లెక్క ఏడు, ముగింపు సరి, అర్థం బ్రహ్మాండం. మూడో అక్షరం 'తి' దగ్గర పెదవి కలవదు.

'నాకు మండుతోందిరా': ఏడే, మూడోది 'మం'. కానీ చివర ఆకారం. పైగా సటక్లీ జరిగిపోయిన పని, ఇది జరుగుతున్న పని. జారిపోయాక ఇక ఆగేది లేదన్న బెదిరింపు పోతుంది.

'ఇంక మెంటలెక్కిందీ': ఏడు, మూడోది 'మెం', ఇంకెక్కడా పెదవి కలవదు, చివర ఈకారం. అచ్చంగా అతుకుతుంది.

—

అతుకుతుంది గానీ 'మెంటల్' మాట నాకు నచ్చదు. అది జబ్బుతో ఉన్నవాళ్లను తిట్టే మాట, యూనిఫాంలో ఉన్నవాడి నోట తేలిపోతుంది కూడా. ముఖం దూరంగానో పక్కకో ఉన్న షాట్లలో 'తిక్క రేగిందీ' వాడొచ్చు. క్లోజప్‌లో 'నాకు మండిందీ' అని ఐదక్షరాలే రాసి, 'మం' మూడో చోట ఉంచి, 'డిం'ని సాగదీయించవచ్చు. సాగతీత కోపానికి పనికొస్తుంది.

ఇంకో నష్టం ఉంది. సినిమాలో ఎక్కువగా హిందీ మాట్లాడేవాడు కోపంలో తల్లిభాషలోకి దూకుతాడు. మొత్తం తెలుగైతే ఆ దూకుడు కనబడదు. అందుకే మిగతా డైలాగులు పుస్తకం తెలుగులో నడిపి, ఈ ఒక్క మాట యాసలోకి దించాలి. 'నాకు మండిందీ' ఏ యాసలోనైనా ఇముడుతుంది.

—

ఈ సినిమాకు మూలమైన 2010 నాటి తమిళ 'సింగం' తెలుగులో 'యముడు'గా వచ్చింది కదా, అందులో వెతకకండి. ఈ మరాఠీ పలుకు హిందీ రీమేక్‌లో చేరినదే. సబ్‌టైటిల్‌కైతే ఇంత బాధ లేదు. మరాఠీ చెవికి వినబడుతూనే ఉంటుంది, కింద 'నాకు తిక్క రేగింది' వేస్తే చాలు.