లైట్‌హౌస్ (వెబ్‌పేజీ వేగాన్ని కొలిచే గూగుల్ టూల్) స్కోరు పడిపోతే బిల్డ్ ఆపాలా, గ్రాఫ్ చూసుకుంటే సరిపోతుందా?

ఎర్రగీత: ఆపాల్సిందే అంటాను. పెర్ఫార్మెన్స్ స్కోరు 90 దిగితే లైట్‌హౌస్ సీఐ (కోడ్ మారినప్పుడల్లా ఆ టెస్టు నడిపేది) బిల్డ్‌ని ఫెయిల్ చెయ్యాలి. రాత్రిపూట క్రాన్‌లో (టైము ప్రకారం దానంతటదే నడిచే పని) టెస్టు నడిపి గీసుకునే గ్రాఫ్‌ని మొదటి వారం తర్వాత ఎవరూ తెరవరు.

నిదానం: స్కోరు ఒక కలగూరగంప అండీ. టీబీటీ (పెద్ద టాస్కులు పేజీని ఆపేసే సమయం) 30 శాతం, ఎల్‌సీపీ (తెరమీద అతిపెద్ద ఎలిమెంట్ కనబడే సమయం) 25, సీఎల్ఎస్ (పేజీలో వస్తువులు ఉన్నట్టుండి జరగడం) 25, మిగతా 20 ఎఫ్‌సీపీకీ (మొదట ఏదో ఒకటి కనబడే సమయం) స్పీడ్ ఇండెక్స్‌కీ (తెర నిండే వేగం) చెరిసగం. లైట్‌హౌస్ 10లో టీటీఐని (పేజీ వాడకానికి సిద్ధమయ్యే సమయం) తీసేసి దాని 10 శాతం సీఎల్ఎస్‌కి ఇచ్చారు. కోడ్‌లో అక్షరం మారకపోయినా అప్‌గ్రేడ్ చేసిన రోజు స్కోరు కదులుతుంది. ఇక టీబీటీ సీపీయూని బట్టి ఊగుతుంది. 45 మిల్లీసెకన్ల టాస్కు లెక్కలోకి రాదు. రన్నర్ (టెస్టు నడిపే మెషిన్) నెమ్మదించి అదే 70 అయితే, 50 దాటిన ఆ 20 వచ్చి పడుతుంది. అలాంటివి పది ఉంటే?

సున్నా_కాష్: ఎన్ని రన్‌లు తీస్తున్నారు? ఒక్కటేనా?

ఎర్రగీత: 5 తీసి మీడియన్ చూడాలి. అగ్రిగేషన్ మెథడ్ 'ఆప్టిమిస్టిక్' అని ఉంటే అయిదింటిలో మంచిదాన్నే ఏరుకుంటుంది, ఎరుపు రమ్మన్నా రాదు.

నిదానం: అయిదు రన్‌లూ అదే మెషిన్ మీద, అదే పది నిమిషాల్లో. మెషినే నీరసంగా ఉంటే మీడియన్ ఏం చేస్తుంది? రిపోర్టులో బెంచ్‌మార్క్ ఇండెక్స్ (మెషిన్ వేగం అంచనా) ఉంటుంది. అది మామూలుకన్నా బాగా తక్కువుంటే ఆ రన్‌ని పారెయ్యాలి.

క్రాన్‌బాబు: క్రక్స్ డేటా (నిజమైన క్రోమ్ యూజర్ల కొలతలు) చూస్తే ఈ గొడవే లేదు కదా.

ఎర్రగీత: అది 28 రోజుల కిటికీ. ఇవాళ్టి తప్పు అందులో తేలేసరికి దాని మీద ఇంకో నాలుగు రిలీజులు పడతాయి. ఐఎన్‌పీకి (క్లిక్‌కి పేజీ స్పందించే సమయం) మాత్రం అదే దిక్కు, ల్యాబ్‌లో ఎవరూ క్లిక్ చెయ్యరు. అయినా గేటు వద్దనేవాళ్లంతా ఇంతే. ఎరుపు కనబడితే 'నాయిస్' అని రీరన్ నొక్కడం.

నిదానం: మూడుసార్లు నొక్కితే పచ్చబడేదాన్ని గేటని మీరెలా అంటున్నారు? అసలు సంగతి వేరే. చాట్ విడ్జెట్టూ, ఏ/బీ టెస్టు స్క్రిప్టూ ట్యాగ్ మేనేజర్లోంచి (సైట్ కోడ్ ముట్టకుండా స్క్రిప్టులు, అంటే ట్యాగులు, పెట్టే టూల్) ఎక్కుతాయి, వాటికి పుల్ రిక్వెస్టే (కోడ్ మార్పు కలపమని అడగడం) ఉండదు. మర్నాడు బటన్ రంగు మార్చినవాడి బిల్డ్ ఆగుతుంది. అత్త మీద కోపం దుత్త మీద.

ఎర్రగీత: సీఐలో ఆ యూఆర్ఎల్‌లు బ్లాక్ చెయ్యొచ్చు. కానీ బిల్డ్ ఆగకపోతే మార్కెటింగ్ వాళ్లతో మాట్లాడ్డానికి చేతిలో ఏముంటుంది?

నిదానం: అదిగో, ఇప్పుడొచ్చింది అసలు మాట.

పాతకాపు: ఇద్దరూ ఆగండి. గేటు ఊగని వాటికి పెట్టండి: స్క్రిప్టు బైట్లు, రిక్వెస్టుల సంఖ్య. టైమింగ్‌లకి 'వార్న్' చాలు. ప్రొడక్షన్‌ని ఆరు గంటలకోసారి ఒకే మెషిన్ నుంచి రెండు రకాలుగా కొలవండి, ట్యాగులతో ఒకటి, ట్యాగులు బ్లాక్ చేసి ఒకటి. రెండు గీతల మధ్య ఎడమే ట్యాగుల బిల్లు, మాట్లాడ్డానికి అది చాలు. వరసగా మూడుసార్లు హద్దు దాటితేనే అలర్ట్. రిపోర్టు జేసన్ ఫైలు మొత్తం దాచండి, లైట్‌హౌస్ వెర్షన్‌తో సహా. ఎల్‌సీపీ ఎలిమెంట్ ఏదో కూడా చూసుకోండి. కుకీ బ్యానర్ పెద్దదైతే అదే ఎల్‌సీపీ అయి కూర్చుంటుంది, హీరో బొమ్మ (పేజీ పైభాగంలో ఉండే పెద్ద బొమ్మ) ఎంత ఆలస్యమైనా గ్రాఫ్ ముచ్చటగా దిగుతుంది.

ఎర్రగీత: బైట్ల గేటుకి సరే. ట్యాగుల అలర్ట్ ఎవరి చానెల్‌కి?

నిదానం: మార్కెటింగ్ వాళ్ల చానెల్‌కే.

ఎర్రగీత: మ్యూట్ చేస్తారు.