థెరపీలు మానేసి ఆయుర్వేదం వాడమంటున్నారు. ఊళ్ళో బడా, హైదరాబాదులో ప్రత్యేక పాఠశాలా?

తణుకు అమ్మ:

మా బాబుకు ఆరేళ్ళు. మూడో ఏట ఆటిజం అని తేల్చారు. నాలుగో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. వాల్‌ప్రోయేట్ సిరప్ రెండు పూటలా వేస్తున్నాం, ఏడాదిగా ఫిట్స్ రాలేదు. వారానికోసారి రాజమహేంద్రవరం తీసుకువెళ్ళి స్పీచ్ థెరపీ చేయిస్తున్నాం. "నీళ్ళు", "వద్దు" లాంటి కొన్ని మాటలు వచ్చాయి. మిగతా అవసరాలన్నీ మా చేయి పట్టుకుని తీసుకువెళ్ళి చూపిస్తాడు.

ఇంట్లో ఇప్పుడు రెండు విషయాలు తేలడం లేదు. మా అత్తయ్యగారికి ఎవరో ఒక వైద్యుడి పేరు చెప్పారు. ఆయన పొడులు ఇస్తారు, ఆరు నెలల్లో మాటలు వస్తాయంటున్నారు. అయితే ఆ ఆరు నెలలూ ఇంగ్లీషు మందులు, థెరపీలు అన్నీ మానేయాలట. పొట్లాల మీద ఏమీ రాసి ఉండదు. అత్తయ్యగారు బాబును కంటికి రెప్పలా చూసుకుంటారు, ఆమె మాట తీసిపారేయలేను.

రెండోది బడి. మా వీధి చివర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉంది. హెడ్‌మాస్టరు గారు "తీసుకురండమ్మా, చేర్చుకుంటాను, కానీ దగ్గరుండి చూసుకోవడానికి మనిషి లేరు" అన్నారు. మా బావగారేమో హైదరాబాదులో ప్రత్యేక పాఠశాల హాస్టల్లో వేద్దాం, ఖర్చు నేను భరిస్తానంటున్నారు. మంచి మనసుతోనే అంటున్నారు. కానీ మాటలు రాని పిల్లవాడు అక్కడ ఆకలేస్తే ఎవరికి చెబుతాడు? ఈ దారిలో నడిచినవాళ్ళు దయచేసి చెప్పండి.

గుంటూరు నాన్న:

చెల్లెమ్మా, ఇక్కడ ఆయుర్వేదం అనగానే అందరూ విరుచుకుపడతారు. అందుకే ముందు నేను చెబుతాను.

మా పాపకు ఎనిమిదేళ్ళు, ఆటిజం. రాత్రి రెండింటికి లేచి తెల్లవారేదాకా ఇల్లంతా తిరిగేది. తీవ్రమైన మలబద్ధకం. పిల్లల డాక్టర్లకు చెబితే "ఈ పిల్లలు ఇంతేనండీ" అని పంపేసేవారు. చివరికి ఆయుర్వేద కళాశాలలో చదివిన ఒక వైద్యురాలు గంటసేపు కూర్చుని పాప ఏం తింటుంది, ఎప్పుడు తింటుంది, నీళ్ళు ఎన్ని తాగుతుంది అని అడిగారు. తిండి మార్చారు, పడుకునే ముందు నూనె మర్దనా చెప్పారు, లేహ్యం ఒకటి ఇచ్చారు. కడుపు బాగుపడింది, నిద్ర పట్టింది. నిద్ర పట్టాకే బడిలో కూర్చోవడం మొదలుపెట్టింది. మాటలు వస్తాయని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. థెరపీ మానమని కూడా చెప్పలేదు.

వసకొమ్ము అరగదీసి నాకించడం, పుష్యమి నక్షత్రం రోజున స్వర్ణప్రాశన (బంగారు భస్మం నాకించడం) చేయించడం మన ఇళ్ళలో తరాలుగా ఉన్నవే. వాటన్నిటినీ మూఢనమ్మకం అని ఒక్క మాటతో కొట్టేస్తే బిడ్డను పెంచడంలో మనకు తోడున్న పెద్దవాళ్ళు దూరమవుతారు. మీ అత్తయ్యగారిని కాదనవద్దు. వెళ్ళి చూడండి.

విశాఖ ఫార్మసిస్టు:

అన్నిటికంటే ముందు సిరప్ సంగతి చెబుతాను, మిగతా చర్చ ఎటు పోయినా ఇది మాత్రం గుర్తుంచుకోండి. ఫిట్స్ మందు ఉన్నపళంగా ఆపకూడదు. ఆపితే ఒకదాని మీద ఒకటి ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఐదు నిమిషాలు దాటినా ఆగని ఫిట్స్ ప్రాణం మీదికి తెస్తుంది. మానాలన్నా, మామూలుగా పిల్లలకు రెండేళ్ళు ఫిట్స్ రాకుండా ఉన్నాకే నరాల డాక్టరు ఆ ఆలోచన చేస్తారు, అదీ వారాలు నెలల మీద కొద్దికొద్దిగా తగ్గిస్తూ. మీ బాబుకు ఏడాదే అయింది. మందు మానమని షరతు పెట్టిన మనిషి ఏ పద్ధతి వైద్యుడైనా సరే, అక్కడికి వెళ్ళవద్దు.

ఇక ఆ పొట్లాలు. లైసెన్సు ఉన్న ఆయుర్వేద మందు మీద తయారుచేసిన వారి పేరు, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, అందులో ఉన్న పదార్థాలు రాసి ఉంటాయి. ఏమీ రాయని పొడిలో ఏముందో వైద్యుడికి తప్ప ఎవరికీ తెలియదు. నాకు ఉన్న భయం సీసం, పాదరసం గురించి. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికాలోని బోస్టన్ దుకాణాల్లో అమ్ముతున్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. సీసం నేరుగా పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. మాటల కోసం వేసిన మందు మాటలకే చేటు చేస్తే ఎవరిని అడగాలి? ఇప్పటికే వేసి ఉంటే రక్తంలో సీసం ఎంత ఉందో పరీక్ష చేయించండి.

గుంటూరు అన్నగారు వస గురించి రాశారు. వసలో ఉండే బీటా అసరోన్ ఎలుకల్లో క్యాన్సర్ గడ్డలకు కారణమైందని 1968లోనే అమెరికా దాన్ని ఆహార పదార్థాల్లో నిషేధించింది. తరాలుగా వాడుతున్నంత మాత్రాన క్షేమమని చెప్పలేం.

"మా అబ్బాయికి పనిచేసింది" అనే మాట గురించి కూడా చెప్పాలి. 1990ల చివర్లో సెక్రెటిన్ అనే హార్మోను ఇంజెక్షనుతో ఆటిజం పిల్లలు మాట్లాడుతున్నారని అమెరికాలో పెద్ద సంచలనం రేగింది. 1999లో పిల్లలను రెండు గుంపులు చేసి ఒక గుంపుకు మందు, ఇంకో గుంపుకు ఉప్పునీటి ఇంజెక్షను ఇచ్చి చూశారు. రెండు గుంపుల్లోనూ ఒకేలా మెరుగుదల కనిపించింది. ఆ ఫలితం చెప్పిన తరువాత కూడా తల్లిదండ్రుల్లో 69 శాతం మంది మాకు ఆ మందు కావాలనే అన్నారు. వాళ్ళను నేను తప్పుపట్టను. పిల్లలు వయసుతోపాటు ఎదుగుతూనే ఉంటారు, ఆ నెలల్లో మనం ఏది వాడుతుంటే దానికే ఆ పేరు దక్కుతుంది.

గుంటూరు నాన్న:

సిరప్ విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. మానమని నేను చెప్పలేదు, చెప్పను కూడా. వస సంగతి నాకు కొత్త.

కానీ మేడమ్, ఒక్కటి అడుగుతాను. మాకు తెలిసిన కుటుంబం ఆటిజానికి స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కించుకోవడానికి ఎకరం పొలం అమ్మింది. ఆ వైద్యం చేసినవాళ్ళు తెల్లకోటు డాక్టర్లు, ఏసీ ఆసుపత్రి. పిల్లవాడు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. పొట్లాలు కట్టే వైద్యుడిని తిట్టేవాళ్ళు వీళ్ళను ఎందుకు వదిలేస్తారు?

విశాఖ ఫార్మసిస్టు:

వదలకూడదు. మీ కోపం న్యాయమైనది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఎముకమజ్జ మార్పిడితో నయమయ్యే రక్త సంబంధ జబ్బుల వంటివాటికి తప్ప స్టెమ్ సెల్స్ పరిశోధనగా మాత్రమే చేయాలి, డబ్బు తీసుకుని వైద్యంగా చేయకూడదు. 2022 డిసెంబరులో జాతీయ వైద్య కమిషన్ నైతిక విభాగం కూడా ఆటిజానికి ఆ చికిత్స వద్దనే చెప్పింది. పొట్లానికి అడిగే ప్రశ్నే ఏసీ ఆసుపత్రినీ అడగాలి: ఇందులో ఏముంది, ఎవరి మీద పరీక్షించారు, దీనికోసం నన్ను ఏం మానేయమంటున్నారు?

మీ వైద్యురాలు చేసింది నాకు నచ్చింది. నిద్ర, మలబద్ధకం, తిండి ఈ పిల్లల్లో చాలా మందికి ఉండే బాధలే. వాటిని పట్టించుకోని పిల్లల డాక్టర్లదే లోపం.

భవిత కేంద్రం టీచరు, నల్గొండ జిల్లా:

బడి గురించి ఎవరూ రాయలేదు, నాకు అదే ముఖ్యంగా కనిపిస్తోంది. నేను సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద ఐఈఆర్పీగా, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే టీచరుగా, భవిత కేంద్రంలో పనిచేస్తున్నాను.

అమ్మా, 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కుగా ఇచ్చింది. ఇంటి దగ్గరి బడా, ప్రత్యేక పాఠశాలా అన్నది ఎంచుకునే హక్కు కూడా ఇచ్చింది. కాబట్టి హెడ్‌మాస్టరు గారు మీకు చేస్తున్నది ఉపకారం కాదు. మీరూ మొహమాటపడాల్సిన పని లేదు.

మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో ఎంఈఓ (మండల విద్యాధికారి) కార్యాలయంలో అడగండి. అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, ఫిజియోథెరపీ రోజులు ఉంటాయి. మా దగ్గర కొందరు పిల్లలు ఉదయం భవితకు వచ్చి మధ్యాహ్నం వాళ్ళ బడికి వెళతారు, ఇంకొందరు వారంలో కొన్ని రోజులు ఇక్కడ, కొన్ని రోజులు అక్కడ. భోజనం దగ్గర తోటి పిల్లలతో కూర్చోవడం, వరుసలో నిలబడటం, తన వంతు వచ్చేదాకా ఆగడం మీ వీధి బడిలోనే వస్తాయి. హాస్టల్లో అవి నేర్పే పిల్లలు ఎవరున్నారు?

ఇంకొకటి. "మనిషి లేరు" అన్న మాట నిజమే. ప్రాథమిక స్థాయిలో ఇలాంటి ప్రతి పదిమంది పిల్లలకు, ఆపై తరగతుల్లో ప్రతి పదిహేనుమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మనుషులను వేయాల్సింది ప్రభుత్వం. అది లేదని బాబును ఇంట్లో కూర్చోబెట్టకండి, చేర్చి ఆ తరువాత అడగండి. పేరు రిజిస్టరులో ఉంటేనే అడగడానికి ఆధారం.

వరంగల్ అమ్మ:

టీచరు గారి మంచితనాన్ని నేను శంకించడం లేదు. కానీ "తోటి పిల్లలతో కలిసి" అన్న మాట విని మేము కోల్పోయిన ఏళ్ళ గురించి చెప్పకుండా ఉండలేను.

మా అబ్బాయికి ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఐదో తరగతి దాకా మామూలు బడిలోనే చదివాడు. చదివాడు అనకూడదు, కూర్చున్నాడు. వెనక బల్ల మీద, గోడ పక్కన. గోల చేయకపోతే ఎవరూ పలకరించరు. గోల చేస్తే నాకు ఫోను చేసి తీసుకువెళ్ళమంటారు. ఏటా పై తరగతికి పంపేవారు. పుస్తకాలు తెల్లగానే ఉండేవి. వాడితో ఆడుకున్న పిల్లవాడు ఒక్కడూ లేడు. చట్టం పుస్తకంలో వాడు "కలిసి" ఉన్నాడు.

ఆరో తరగతికి ప్రత్యేక పాఠశాలకు మార్చాం. హాస్టలు కాదు, పగటి బడి, మేమే ఇల్లు మారాం. అక్కడ ఎనిమిదిమందికి ఒక టీచరు. బొత్తాలు పెట్టుకోవడం, పది రూపాయల నోటుకూ వంద నోటుకూ తేడా, దుకాణంలో వస్తువు అడగడం, బొమ్మల కార్డులు చూపించి తన అవసరం చెప్పడం అక్కడే వచ్చాయి. ఇప్పుడు కాగితపు కవర్లు, ఫైళ్ళు చేసే యూనిట్‌కు వెళుతున్నాడు. ఆ బొమ్మల కార్డులు ఆరేళ్ళప్పుడే ఇచ్చి ఉంటే వాడు గోడకు తల కొట్టుకునేవాడు కాదని నా నమ్మకం.

అందుకని చెల్లీ, బడి పేరు చూడకండి. ఏ బడికి వెళ్ళినా ఒక పూట బయట నిలబడి చూడండి, పదకొండు గంటలకు వాడు ఏం చేస్తున్నాడో. హాస్టలు మాత్రం వద్దు. ఎవరైనా కొట్టినా, ముట్టినా వచ్చి చెప్పలేని పిల్లవాడు.

భవిత కేంద్రం టీచరు, నల్గొండ జిల్లా:

అక్కా, మీరు రాసిన వెనక బల్ల నేనూ చూస్తున్నాను. కాదని అనను. చేర్చుకోవడం, నేర్పడం వేరువేరు. మొదటిది జరిగిపోతే చాలనుకునే బడులు చాలా ఉన్నాయి.

అయినా నా అభిప్రాయం పూర్తిగా మార్చుకోలేను. మీరు ఇల్లు మారగలిగారు. మా మండలంలో కూలికి వెళ్ళే తల్లికి ఆ వీలు లేదు. ఆమెకు ఉన్నది ఊరి బడే, దాన్ని బాగుచేయడం తప్ప దారి లేదు. పట్టణంలో ఉన్న ప్రత్యేక పాఠశాలే గతి అంటే ఆమె బిడ్డ ఇంట్లోనే ఉండిపోతాడు.

తణుకు అమ్మగారూ, బొమ్మల కార్డుల మాట మాత్రం వరంగల్ అక్క చెప్పినట్టే చేయండి, ఈరోజే. గ్లాసు, అన్నం, మరుగుదొడ్డి, ఊయల ఫొటోలు ఫోనులో తీసి ప్రింటు చేయించండి. బాబు మీ చేయి పట్టుకుని లాగినప్పుడు ముందు కార్డు ఇప్పించి, వెంటనే అడిగింది ఇవ్వండి. కార్డులు అలవాటైతే మాటలు రావని కొందరు భయపెడతారు, అది నిజం కాదు. బడిలో చేరగానే బాబుకు విడిగా ఒక విద్యా ప్రణాళిక రాయించి, అందులో మొదటి లక్ష్యంగా ఇదే పెట్టించండి.

డాలస్ నుంచి ఒక తండ్రి:

ఇక్కడ ఆ ప్రణాళికను ఐఈపీ అంటారు. 1975 నుంచి చట్టంలో ఉంది, తల్లిదండ్రులు ఒప్పుకోనిదే మొదలుపెట్టరు. అయినా మన తెలుగు కుటుంబాల్లో కొందరు బడి ఉచితంగా ఇచ్చే థెరపీ సరిపోదని ఒంట్లోంచి "లోహాలు తీసే" వైద్యాలకు వేల డాలర్లు పోస్తున్నారు. 2005లో పెన్సిల్వేనియాలో ఆ చికిత్స చేస్తుండగా ఆటిజం ఉన్న ఐదేళ్ళ బాబు చనిపోయాడు, రక్తంలో కాల్షియం పడిపోయి. ఆశను అమ్మేవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు తల్లీ, జాగ్రత్త.

తణుకు అమ్మ:

అందరికీ నమస్కారాలు. రాత్రి మావారు, నేను, అత్తయ్యగారు కలిసి ఇవన్నీ చదివాం. ఫిట్స్ వచ్చిన రోజు బాబును ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చున్నది అత్తయ్యగారే. సిరప్ ఆపితే అది మళ్ళీ రావచ్చని చదవగానే "అయితే వద్దు" అన్నారు. కానీ పొడి మీద ఆశ పోలేదు, సిరప్ వేస్తూనే పొడి కూడా ఇద్దామంటున్నారు. దానికి ఏమనాలి?

హాస్టలు వద్దని మావారు బావగారికి చెబుతామన్నారు. ఆ డబ్బుతో ఇంకో రోజు స్పీచ్ థెరపీ చేయించవచ్చా అని అడుగుతారట. సోమవారం ఎంఈఓ కార్యాలయానికి వెళుతున్నాను. సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) ఇంకా తీసుకోలేదు. బిడ్డ మీద ముద్ర పడుతుందని ఇంట్లో వెనకాడుతున్నారు.

వరంగల్ అమ్మ:

తీసుకోండి. ముద్ర అనుకునే మేమూ ఆలస్యం చేశాం. ఆంధ్రలో ఇప్పుడు నెలకు ఆరు వేల పింఛను ఆ సర్టిఫికెట్ మీదే ఇస్తున్నారు, అది థెరపీ ప్రయాణాలకు వస్తుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం ఖర్చు, థెరపీలతో సహా ఇస్తారు, ఆటిజానికి వర్తిస్తుంది. రేపు పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, భాషల్లో మినహాయింపు కావాలన్నా ఆ కాగితమే అడుగుతారు.

గుంటూరు నాన్న:

చెల్లెమ్మా, పొడి గురించి నేను చెబుతాను, ఆయుర్వేదాన్ని నమ్మేవాడి మాట కాబట్టి అత్తయ్యగారు వింటారేమో. ఆ వైద్యుణ్ణి రెండు అడగమనండి: పొడిలో ఏమేం కలిపారో కాగితం మీద రాసి సంతకం పెట్టగలరా, ఫిట్స్ సిరప్‌తో కలిపి ఇవ్వవచ్చని రాయగలరా? రాసిస్తే ఆ కాగితం మీ నరాల డాక్టరుకు చూపించండి, ఆయన సరేనంటేనే వేయండి. రాయనంటే ఆ పొట్లం ఇంటికి తేవద్దు. మా వైద్యురాలు ప్రతిసారీ అడగకుండానే రాసిస్తారు. కావాలంటే అత్తయ్యగారితో నేను ఫోనులో మాట్లాడతాను, మా అమ్మతో కూడా మాట్లాడిస్తాను.