గోదావరి జిల్లాలకు సొంత విమాన సంస్థ: పెట్టొచ్చా, పెట్టినా నిలుస్తుందా?

కోనసీమ వాసి (అమలాపురం)

2025 డిసెంబర్ మొదట్లో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యాయి కదండి. పైలట్ల విశ్రాంతికి కొత్త నిబంధనలు వచ్చాయి, వాటికి సరిపడా సిబ్బందిని వాళ్లు సిద్ధం చేసుకోలేదు. దేశం లోపల ఎగిరే పది మందిలో ఆరుగురికి పైగా ఎక్కేది ఆ ఒక్క సంస్థ విమానమే. మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం) నుంచి వెళ్లే సర్వీసుల్లో ఎక్కువ భాగం కూడా వాళ్లవే కాబట్టి మన జిల్లాలకు దెబ్బ గట్టిగానే తగిలింది. అదే నెలలో కేంద్రం అల్ హింద్ ఎయిర్, ఫ్లై ఎక్స్‌ప్రెస్ అనే రెండు కొత్త సంస్థలకు ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇచ్చింది.

మనం ఎందుకు పెట్టుకోకూడదు? ఆక్వా, రైస్ మిల్లులు, కొబ్బరి వ్యాపారం, గల్ఫ్ డబ్బు, అమెరికా డబ్బు అన్నీ ఈ డెల్టాలోనే ఉన్నాయి. మధురపూడి రన్‌వే 3,165 మీటర్లకు పెరిగింది. పెద్ద విమానాలే దిగుతున్నాయి. రాజమండ్రి కేంద్రంగా మూడు ఏటీఆర్‌లతో (చిన్న ప్రొపెల్లర్ విమానాలు) హైదరాబాద్, తిరుపతి, కడప, విశాఖ, చెన్నై తిప్పే సంస్థ మనకు అవసరమని నా గట్టి నమ్మకం. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

లెక్కల మాస్టారు (రాజమండ్రి)

అవసరం ఉందన్నది ఒప్పుకుంటాను. నిలబడుతుందా అన్న దగ్గరే నాకు అనుమానం. మన కళ్ల ముందే రెండు తెలుగు సంస్థలు వచ్చాయి, పోయాయి. విజయవాడ కేంద్రంగా ఎయిర్ కోస్టా 2013 అక్టోబర్‌లో ఎంబ్రాయర్ జెట్లతో మొదలై 2017 ఫిబ్రవరి చివర్లో ఆగిపోయింది. హైదరాబాద్ నుంచి ట్రూజెట్ 2015 జూలైలో ఏటీఆర్‌లతో మొదలైంది. రాజమండ్రికీ నడిపింది. 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. ఒకరు జెట్ ఎంచుకున్నారు, ఒకరు టర్బోప్రాప్ (ఏటీఆర్ లాంటి ప్రొపెల్లర్ విమానం) ఎంచుకున్నారు. అంటే తప్పు విమానం రకంలో లేదు.

చిన్న ఊళ్లకు విమానాలు నడిపితే కేంద్రం ఇచ్చే ఉడాన్ రాయితీ ఉంది కదా అంటారు. ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే కాగ్ 2023 నివేదిక చూడండి. కేటాయించిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో రాయితీ ఇచ్చే మూడేళ్లూ పూర్తి చేసినవి 112. రాయితీ అయిపోయాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. ఆ మూడేళ్లూ సగం సీట్లకు టికెట్ ధర పరిమితి ఉంటుంది, లోటు ప్రభుత్వం పూడుస్తుంది. నాలుగో ఏడు నుంచి ఖర్చంతా టికెట్ మీదే రావాలి. పైగా ఉడాన్ కింద రావాలంటే రూట్‌కి ఒక చివర విమానాల్లేని ఊరో, బాగా తక్కువున్న ఊరో ఉండాలి. రాజమండ్రి–హైదరాబాద్ ఆ లెక్కలోకి రాదు. మనవాళ్లు ఎక్కువగా ఎక్కేది ఆ రూట్లోనే.

రన్‌వే పక్కన

నేను కొన్నేళ్లు ఒక చిన్న విమాన సంస్థలో గ్రౌండ్ స్టాఫ్‌గా చేశాను. పేరు వద్దు. కోనసీమ వాసి గారూ, మూడు విమానాలన్నారు కదా, వాటిలో ఎగిరేవి రెండే అనుకోండి. మూడోది ఎప్పుడూ చెకింగ్‌లోనో, విడిభాగం కోసం ఎదురుచూస్తూనో ఉంటుంది. పెద్ద సంస్థలో ఒకటి ఆగితే ఇంకోటి తెచ్చి నడుపుతారు. మా దగ్గర పొద్దున హైదరాబాద్‌లో ఒక విమానం ఆగిందంటే సాయంత్రం వరకు నాలుగు ఊళ్ల సర్వీసులు పోయేవి. కౌంటర్ దగ్గర పెళ్లికి వెళ్లాల్సిన వాళ్లు ఏడుస్తుంటే మా దగ్గర చెప్పడానికి సమాధానం ఉండేది కాదు. అలా రెండుసార్లు జరిగితే ఆ ప్రయాణికుడు మళ్లీ రాడు.

విమానాలు కొనరు, లీజుకు తెస్తారు. అద్దె డాలర్లలో. ముందు డిపాజిట్ కట్టాలి, ఆ పైన ఎగిరిన గంటల లెక్కన ఇంజన్ మరమ్మతుల నిధికి నెలనెలా కట్టాలి. 2023 మే నెలలో గో ఫస్ట్ మూతపడ్డాక విమానాలు వెనక్కి తీసుకోవడానికి లీజుకిచ్చినవాళ్లు నెలల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. అది చూశాక పేరు లేని కొత్త సంస్థకు ఎవరూ తేలిక షరతులతో ఇవ్వరు. టికెట్ డబ్బు రూపాయల్లో వస్తుంది. రూపాయి పడిపోతే సీట్లన్నీ నిండినా నష్టమే.

పైలట్ల సంగతి ఇంకా టెన్షన్. ఏటీఆర్ నడపడానికి విడిగా శిక్షణ కావాలి. కెప్టెన్ మానేయాలంటే ఏడాది నోటీసు అని 2017లోనే రూల్ పెట్టారు. అంటే కొత్త సంస్థ కెప్టెన్‌ని ఇవాళ ఒప్పించినా అతను వచ్చి చేరేది ఎప్పటికో!

ఏటిగట్టు

అంతా చీకటే కాదండి. చిన్న విమానానికి ఈ దేశంలో కొన్ని మేళ్లు ఉన్నాయి. 80 సీట్ల లోపు విమానానికి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ విమానాశ్రయాల్లో ల్యాండింగ్ ఛార్జీ లేదు. ఇంధనం ఇంకా జీఎస్టీలోకి రాలేదు, రాష్ట్రానికో పన్ను. కానీ 40 టన్నుల లోపు విమానాలకు అమ్మకం పన్ను తక్కువే, ఏటీఆర్ 72 బరువు అందులో సగం కాస్త దాటుతుంది. ఖర్చులో మూడో వంతు నుంచి నలభై శాతం దాకా ఇంధనానిదే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. మాస్టారు ఈ వైపు కూడా చెప్పి ఉండాల్సింది.

లెక్కల మాస్టారు

నిజమే. కానీ ఆ మేళ్లు ఇండిగో ఏటీఆర్‌కీ వస్తాయి. మనకు మాత్రమే ఉన్న లాభం ఏమిటి?

చెరువు రైతు (భీమవరం)

నేను రొయ్యల రైతుని. చెరువు తవ్వడానికి అప్పు పుడుతుంది, మేతకీ పుడుతుంది. రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు (చెరువు నీటికి గాలి పట్టించే యంత్రాలు) ఆగితే తెల్లారేసరికి పంట పోతుంది, అందుకే వాడినా వాడకపోయినా జనరేటర్ పెట్టుకుంటాం. రన్‌వే పక్కన గారు చెప్పిన మూడో విమానం ఆ జనరేటర్ లాంటిది. దాని ఖర్చు లెక్కలో వేసుకోకుండా దిగితే ఆక్వా డబ్బు కూడా మునిగిపోతుంది.

ఇంకొకటి. డెల్టా అంతా రాజమండ్రి కాదు. మా భీమవరానికి గన్నవరం (విజయవాడ విమానాశ్రయం), మధురపూడి దాదాపు ఒకే దూరం. విదేశీ విమానం కూడా ఉంది కాబట్టి మావాళ్లు గన్నవరం వైపే పోతారు. స్లీపర్ బస్సైతే రాత్రి ఇక్కడ ఎక్కితే పొద్దున హైదరాబాద్ కేపీహెచ్‌బీలో దింపుతుంది.

కోనసీమ వాసి

బస్సులో రాత్రంతా నడుం పోతుంది కదండి! వయసైన వాళ్లు, ఆపరేషన్లకు హైదరాబాద్ వెళ్లేవాళ్లు ఏం చేయాలి? అమలాపురానికి రైలు కూడా లేదు. కోటిపల్లి–నరసాపురం లైను ఎన్నేళ్లుగా పూర్తి కావాలో మీకు తెలుసు.

ఏటిగట్టు

అదే ఇబ్బంది. అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా మధురపూడికి రెండు గంటలు పైనే. గంట ముందు చేరాలి, గంట ప్రయాణం, శంషాబాద్ నుంచి ఊళ్లోకి ఇంకో గంటన్నర. 2023 జనవరి నుంచి వందే భారత్ రాజమండ్రి నుంచి సికింద్రాబాద్‌కి సుమారు ఆరున్నర గంటల్లో చేరుస్తోంది. తేడా ఎంత మిగిలింది చెప్పండి. హైదరాబాద్ రూట్‌లో పోటీ ఇండిగోతోనే కాదు, రైలుతో కూడా. అందుకే నా మాట, తిరుపతి, కడప లాంటి రైల్లో ఇంకా ఎక్కువ సేపు పట్టే ఊళ్లే చూడాలి.

గల్ఫ్ వాళ్లను కూడా లెక్కలో వేశారు కదా. కువైట్ నుంచి వచ్చే అక్క 30 కిలోల సామాన్లతో దిగుతుంది. దేశం లోపల టికెట్ మీద మామూలుగా 15 కిలోలే. పెద్ద సంస్థలతో ఒప్పందం లేని కొత్త సంస్థ అయితే ఆమె శంషాబాద్‌లో సామాన్లు తీసుకుని, మళ్లీ చెకిన్ చేసి, అదనపు బరువుకు డబ్బు కట్టాలి. ఆమె టాక్సీ మాట్లాడుకుంటుంది.

రన్‌వే పక్కన

సంక్రాంతి సంగతి ఎవరూ ఎత్తలేదు. భోగి ముందు మూడు రోజులు హైదరాబాద్ నుంచి ఇటు వచ్చే సీటుకి ఎంత ధరైనా ఇస్తారు. అదే విమానం తిరిగి వెళ్లేటప్పుడు ఖాళీ. కనుమ తర్వాత అటు నిండు, ఇటు ఖాళీ. బయట నుంచి చూసేవాళ్లు పండగ టికెట్ ధర చూసి లాభాలనుకుంటారు. సంస్థను ముంచేది ఆషాఢంలో మంగళవారం మధ్యాహ్నం సర్వీసు. పెళ్లిళ్లుండవు, ప్రయాణాలు తగ్గుతాయి, లీజు మాత్రం తగ్గదు.

కోనసీమ వాసి

సరే, మూడు విమానాలతో సొంత సంస్థ అన్న మాట పక్కన పెడతాను. రాజమండ్రి, భీమవరం, కాకినాడ వ్యాపారులు కలిసి, ఇప్పటికే నడుస్తున్న చిన్న సంస్థల్లో ఒకదానితో మాట్లాడితే? వారానికి మూడు రోజులు తిరుపతి సర్వీసు వేయమని, ఫలానా సంఖ్యకు సీట్లు తగ్గితే తేడా మేం కడతామని రాసిస్తే? విమానం, పైలట్లు, స్పేర్ విమానం పూచీ వాళ్లది. సీట్ల పూచీ మనది. ఏడాది నడిచాక నిజమైన లెక్క మన చేతిలో ఉంటుంది. ఇంకో సంస్థ మూతపడి ఇంకొందరి జీతాలు పోవడం నాకూ ఇష్టం లేదు.

లెక్కల మాస్టారు

ఇది మాట్లాడదగ్గ మాట. అయితే పూచీ ఎన్ని సీట్లకు, ఎన్ని నెలలకు, ఏ ధరకు అన్నది కాగితం మీద పెట్టండి. తుపానుకి రద్దయితే ఎవరు కడతారో కూడా రాయండి. వ్యాపారుల దగ్గరకు వెళ్లేముందు ఆ కాగితం ఇక్కడ పెడితే నేను లెక్క చూసి ఇస్తాను.

చెరువు రైతు (భీమవరం)

తిరుపతి అయితే మావైపు నుంచి కూడా వస్తారు. కానీ ఆషాఢం నెల పూచీ మాత్రం రైతులెవరూ రాయరు, పంట డబ్బు అప్పటికి చేతికి రాదు. ఆ నెల ఎవరిదో ముందు తేల్చండి.