ఫ్యాన్ కాయిల్ చుట్టే మెషీన్‌కి ఏ బోర్డు? పైథాన్‌తో కుదురుతుందా?

తెనాలి వైండర్:
మా నాన్నది వైండింగ్ షాపు. సీలింగ్ ఫ్యాన్ కాయిల్స్ ఇప్పటికీ చేతి మెషీన్ మీదే చుడతారు. 36 గేజ్ వైరు, మేం చేసే రకానికి కాయిల్‌కి 280 చుట్లు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పుతుంది, మళ్ళీ విప్పుకోవడమే. అందుకని నీమా 17 స్టెప్పర్ మోటారు (చిన్న చిన్న స్టెప్పులుగా తిరిగేది), దాన్ని నడిపే ఏ4988 డ్రైవరు బోర్డు, 12 వోల్టుల అడాప్టరు కొన్నాను. ఇంట్లో పాత ఆర్డుయినో ఊనో కంట్రోలర్ బోర్డు ఉంది. నాకు వచ్చింది పైథాన్ ఒక్కటే. సెకనుకు 5 చుట్లు కావాలి. 1/16 మైక్రోస్టెప్‌లో (ఒక్కో స్టెప్పుని 16 ముక్కలు చేసి) పెట్టి తిప్పితే గుయ్‌మంటుంది తప్ప కదలదు. ఈఎస్‌పీ32 బోర్డు కొననా, పికో బోర్డు తీసుకుని మైక్రోపైథాన్ (చిన్న బోర్డుల కోసం చేసిన పైథాన్) రాయనా?

రిలే రాజు:
తమ్ముడూ, కొనే ముందు లెక్క వెయ్యి. చుట్టుకి 200 స్టెప్పులు, దాన్ని 16తో, మళ్ళీ 5తో గుణిస్తే సెకనుకి 16,000 పల్సులు (ఒక్కో కదలికకి ఒకటి). ఊనో మీద స్టెప్పర్లు తిప్పే ఆక్సెల్‌స్టెప్పర్ లైబ్రరీ సుమారు 4,000 దగ్గరే చేతులెత్తేస్తుంది. అయినా వైరు చుట్టడానికి అంత నునుపు ఎందుకు? డ్రైవరు మీది ఎంఎస్1 పిన్ ఒక్కదానికే 5 వోల్టులిచ్చి హాఫ్ స్టెప్ పెట్టుకో, 2,000 చాలు. పాత ఊనోనే లాగేస్తుంది.

గుయ్‌మనడానికి ఇంకో కారణం, నిలబడ్డ మోటార్ని ఒక్కసారే ఐదు చుట్ల వేగం అడుగుతున్నట్టున్నావు. మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచాలి. ఆ లైబ్రరీలో సెట్ ఆక్సిలరేషన్ ఉన్నది అందుకే.

మైక్రోపైథాన్ చెడ్డదేం కాదు. కానీ లూపులో స్లీప్ పెట్టి పల్సులు పంపితే, మధ్యలో అది మెమరీ ఊడ్చుకోవడానికి ఆగినప్పుడు స్టెప్పులు తప్పుతాయి. పికోలో పీఐఓ అనే భాగం ఆ పని విడిగా చేస్తుంది, నిజమే. దానికి మళ్ళీ చిన్న అసెంబ్లీ (చిప్‌కి నేరుగా ఇచ్చే ఆదేశాల భాష) నేర్చుకోవాలి. పైథాన్ వదల్లేక అసెంబ్లీ నేర్చుకోవడమా! ఊనోకి రాసే సీ++లో నలభై లైన్ల పని ఇది.

సోల్డర్ మాస్టారు:
కోడు సంగతి రాజుగారు చెప్పేశారు. బాబూ, డ్రైవర్ మీది చిన్న స్క్రూ తిప్పి కరెంటు సెట్ చేశావా? బోర్డు మీద రెసిస్టరు ఆర్100 (అంటే 0.1 ఓం) అయితే, ఆ స్క్రూ దగ్గర కొలిచిన 0.8 వోల్టులకి 1 ఆంపియర్. మోటారు మీద రాసిన దానికంటే కాస్త తక్కువే పెట్టు. మోటారు సప్లై పిన్నుల దగ్గర 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ తప్పనిసరి. పవర్ ఉండగా మోటారు వైర్లు పీకావంటే డ్రైవరు పోతుంది. నావి రెండు అలాగే పోయాయి.

ఇంకొకటి. వైరు టెన్షన్ ఎక్కువై మోటారు స్టెప్పు తప్పినా ప్రోగ్రాంకి తెలియదు, 280 అనే చూపిస్తుంది. షాఫ్టుకి చిన్న అయస్కాంతం అంటించి, పక్కన హాల్ సెన్సర్ (అయస్కాంతం దగ్గరికొస్తే కనిపెట్టేది) పెట్టి చుట్లు విడిగా లెక్కపెట్టించు.

తెనాలి వైండర్:
హాఫ్ స్టెప్, ర్యాంపు (మెల్లగా వేగం పెంచడం) పెట్టాను, తిరిగింది! స్క్రూ అసలు ముట్టుకోనే లేదు మాస్టారూ, ఇప్పుడు సరిచేశాను. సీ++లో సెమికోలన్లు మర్చిపోవడం తప్ప పెద్ద ఇబ్బంది లేదు. హాల్ సెన్సర్ కూడా పెట్టాక నిన్న నాలుగు కాయిల్స్ చుట్టాం. నాన్న మాత్రం పక్కనే కూర్చుని పైకి లెక్కపెడుతూనే ఉన్నారు. మూడో కాయిల్‌కి ఆయనకి 279 వచ్చింది. విప్పించి చూశారు. 280.